ముందు సీటులో నడిమి చోటు

మా బావ షెడ్డుకు బండి తెచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. "మేస్త్రీ, ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదు, పైగా నల్ల పొగ..." అని ఎవరైనా మొదలుపెడితే చెయ్యి అడ్డంగా ఊపి, "నువ్వు చెప్పకు. బండి చెబుతుంది" అనేవాడు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఐదారు చోట్ల అలా విన్నాక కళ్ళు తెరిచి రోగం ఏమిటో చెప్పేవాడు. పదింట తొమ్మిదిసార్లు అదే అయ్యేది. పదోసారి మాత్రం, ఇంజన్ మొత్తం విప్పి నేల మీద పరిచాక, బండి యజమాని మొదట్లో చెప్పబోయిన మాటే నిజమని తేలేది. అప్పుడు కూడా బావ ఒప్పుకునేవాడు కాదు. బండి సరిగ్గా చెప్పలేదనేవాడు.

వీధిలో ఆయన పేరు చెవి మేస్త్రీ. నేను ఆయన బావమరిదిని. ఆయన షెడ్డుకూ నా సీట్ల కొట్టుకూ నడుమ ఒకటే గోడ. ఆయన బళ్ళు బాగుచేస్తాడు, నేను వాటికి సీట్లు కుడతాను. ఆయనది నిదానం, నాది ముక్కు మీద కోపం. గోడకు అటొకరం ఇటొకరం, ముప్ఫై ఏళ్ళుగా ఒకరినొకరు దెప్పుకుంటూ బతుకుతున్నాం.

మా అక్క నర్సు. పద్నాలుగేళ్ళ కిందట ఆమెను కొండ మీది ఆసుపత్రికి బదిలీ చేశారు. ఒక్క ఏడాదే అన్నారు. ఏడాది కాస్తా రెండైంది, రెండు ఐదయ్యాయి, తర్వాత లెక్కపెట్టడం మానేశాం. నెలకు రెండు శనివారాలు పొద్దున బస్సులో దిగి, ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అక్క వచ్చే వారం శుక్రవారం సాయంత్రమే బావ షెడ్డు కడిగేవాడు. కిరసనాయిలుతో చేతులు తోముకుని, ఆ తర్వాత సబ్బుతో, ఆ తర్వాత నిమ్మచెక్కతో తోముకునేవాడు. అయినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. శనివారం పొద్దున ఎనిమిదింటికి కుర్చీ తెచ్చి వీధిలో వేసుకునేవాడు. బస్సు స్టాండు మా వీధికి రెండు వీధుల అవతల. బస్సు చప్పుడు వినబడినప్పుడల్లా "ఇది కాదు" అనేవాడు. "ఇదీ కాదు" అనేవాడు. ఒక బస్సు చప్పుడుకు మాత్రం లేచి చొక్కా సర్దుకునేవాడు. దానికి రెండో గేరులో చిన్న ఏడుపు ఉందట. నా చెవులకు అదెప్పుడూ వినబడలేదు. కానీ సరిగ్గా పావుగంటకు అక్క వీధి మలుపు తిరిగేది. ఆ పావుగంటా ఆయన ముఖం చూడాలంటే నాకే సిగ్గేసేది. అరవై ఏళ్ళ మనిషి అంత ఆశ ముఖాన పెట్టుకుని నలుగురిలో కూర్చోవచ్చా?

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అదే బస్సు. ఆయన స్టాండుకు వెళ్ళేవాడు కాదు. షెడ్డులో నిలబడి ఆ చప్పుడు సన్నగిల్లి మాయమయ్యేదాకా వినేవాడు. ఇక సోమవారం దాకా ఆయన్ని పలకరించడం దండగ.

"అంత బెంగ పెట్టుకునే బదులు నువ్వే వెళ్ళి రావచ్చుగా బావా?" అని వందసార్లు అడిగి ఉంటాను. ఆయన వెళ్ళలేడు. ఇంకొకరు నడిపే బండిలో కూర్చుంటే ఆయనకు కడుపులో తిప్పుతుంది. గేరు ఆలస్యంగా వేస్తే తిప్పుతుంది, బ్రేకు కీచుమంటే తిప్పుతుంది. అక్కను ఆ ఆసుపత్రిలో దింపడానికి వెళ్ళినప్పుడు ఆ కొండ దారి మలుపులన్నిట్లోనూ బస్సు కిటికీలోంచి తల బయట పెట్టే ఉన్నాడు. మళ్ళీ బస్సెక్కితే ఒట్టు.

ఆయనకు సొంత కారు లేక కాదు. వాళ్ళ నాన్న కొన్న పాత కారు ఒకటి ఉంది. గుండ్రటి బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, బరువైన తలుపులు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే బల్లలా పరుచుకున్న ముందు సీటు. గేరు రాడ్డు స్టీరింగు కిందనే పక్కకు ఉంటుంది కాబట్టి నేల మీద అడ్డేమీ ఉండదు. ముందు ముగ్గురు కూర్చోవచ్చు.

అక్కకు పెళ్ళయిన కొత్తలో వాళ్ళ ఇంట్లో మూడు గదులకు ఏడుగురు మనుషులు. ఎవరికీ కనబడకుండా తుమ్మడానికి కూడా చోటుండేది కాదు. ఆదివారాలు కారు తీసినప్పుడు బావ నడిపేవాడు, వాళ్ళమ్మ కిటికీ దగ్గర కూర్చునేది, అక్క మధ్యలో. ఆ కొత్త దంపతులు పక్కపక్కన ఆనుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేని చోటు ఈ భూమ్మీద అదొక్కటే. గేరు మార్చినప్పుడల్లా బావ మోచేయి అక్క భుజానికి తగిలేదట. "అవసరం లేనిచోట కూడా మార్చేవాణ్ణిరా" అని ఒకసారి టీ తాగుతూ నాతో అన్నాడు. అని, అన్నందుకు సిగ్గుపడి, గ్లాసు సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. సొంత బావమరిదికి చెప్పాల్సిన మాటలా అవి!

తొమ్మిదేళ్ళ కిందట ఆ కారు వేసుకుని అక్క దగ్గరికి కొండెక్కబోయాడు. మూడో మలుపు దగ్గర ముసలి ఇంజన్ మరిగిపోయి, పట్టేసి, ఇక తిరగనని మొరాయించింది. లాక్కుని రావడానికి నేనే లారీ తీసుకుని వెళ్ళాను. పైన అక్క వంట చేసి సాయంత్రం దాకా ఎదురు చూసిందని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి కారు షెడ్డు వెనక టార్పాలిన్ కింద పడి ఉంది.

ఇక ఆరు నెలల్లో అక్క రిటైరవుతుందనగా బావ ఆ టార్పాలిన్ తీశాడు.

"మీ అక్క ఇక బస్సులో దిగదు," అన్నాడు. "నేనే వెళ్ళి, ఈ కారులో, నా పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాను."

"ఏ ఇంజన్‌తో? ఇది నీళ్ళు మరగబెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"దీంతో కాదు. లారీ ఇంజన్ పెడతా."

పెద్ద లారీది కాదు. సరుకులు వేసుకుని సందుల్లో తిరిగే చిన్న లారీ, మూడేళ్ళ బండి, వెనక నుంచి ఎవరో గుద్దితే పాత ఇనుము కొట్టుకు చేరింది. ముందు భాగం చెక్కుచెదరలేదు. డీజిల్ ఇంజన్, ఎంత బరువైనా ఎత్తు మీదికి లాగుతుంది, కారు కొనే డబ్బులో పదో వంతుకు వస్తుంది. బావ దాన్ని కొట్టు ఆవరణలోనే నేల మీద పెట్టించి, బ్యాటరీ తగిలించి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. తాళంచెవి తిప్పితే ఉలకలేదు, పలకలేదు. ఈ కాలపు ఇంజన్లకు ఒక కంప్యూటరు పెట్టె ఉంటుందనీ, అది తన సొంత తాళంచెవిని తప్ప ఇంకోదాన్ని గుర్తుపట్టదనీ అప్పుడు తెలిసింది. ఆ తాళంచెవి లారీ డ్రైవరు పాత ప్యాంటు జేబులో ఉంది. అతని ఇల్లు వెతికి పట్టుకుని తెచ్చేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడి నుంచి మొదలు. బావ పెట్టుకున్న షరతు ఒకటే: ఆయిలూ బెల్టులూ తప్ప కొత్తవేవీ కొనకూడదు. ఇంజన్ ఆనడానికి దిమ్మలు పాత లారీ చక్రాల మీది కమాను కట్టలు కోసి చేశాడు. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు పొడుగైతే, వీధి చివర లేతు మిషను నడిపే పెద్దాయన దాన్ని కోసి, అతికించి, తిప్పి చూసి ఇచ్చాడు. ఇంజన్ కింద ఆయిల్ చాంబరు స్టీరింగు రాడ్లకు తగులుతుంటే, దాన్ని ఒకవైపు కోసి ఇంకోవైపు సంచిలా పెంచాడు. కొలతకు టేపు వాడడు. అట్టపెట్టెలు కత్తిరించి ఇంజన్ ఆకారం తయారుచేసి, దాన్ని కారులో దించి చూసేవాడు. బానెట్టు మూడుసార్లు మూసి, మూడుసార్లూ మూతపడక, నాలుగోసారి ఇంజన్‌ను రెండు వేళ్ళు కిందికి దింపాడు.

వైర్ల పని మాత్రం ఆయనకు అంతు చిక్కలేదు. మా వీధిలో వైరింగు చేసే ఆవిడ ఉంది, బావ ఆమెను చెల్లెమ్మా అంటాడు. ఆమె చిన్న కంప్యూటరు తెచ్చి ఇంజన్‌కు తగిలించి, "అన్నయ్యా, ఇందులో మూడు లోపాలు..." అని మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పకు చెల్లెమ్మా."

"నేను చెప్పట్లేదు అన్నయ్యా. బండే చెబుతోంది. తెర మీద చదువుకోండి."

వీధి వీధంతా నవ్వింది. బావ నవ్వలేదు. స్క్రూడ్రైవరు చొక్కాతో తుడుచుకుంటూ, "దీనికి గొంతు లేదురా" అని నాతో నెమ్మదిగా అన్నాడు. ఆయనకు నిజంగానే బాధేసింది. నాకూ వేసింది కానీ బయటపడలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గేరు దగ్గర వచ్చింది. లారీ ఇంజన్‌తో పాటు దాని గేరు బాక్సు కూడా పెట్టాలి. దాని గేరు రాడ్డు నేరుగా నేలలోంచి పైకి లేచింది. ఎక్కడ? ముందు సీటు సరిగ్గా నడిమి చోట. అక్కడ కూర్చునే మనిషి రెండు మోకాళ్ళ మధ్య.

లేతు పెద్దాయన వచ్చి చూసి, "బాగుంది. సీటు కోసి రెండు చేసెయ్. ఇటొకటి, అటొకటి, నడుమ రాడ్డు" అన్నాడు. నేనూ అదే అన్నాను. రెండు విడి సీట్లు వారం రోజుల్లో కుట్టి ఇచ్చేవాణ్ణి, అప్పనంగా.

"సీటు కొయ్యను," అన్నాడు బావ.

"కొయ్యకపోతే అక్కడ ఎవరు కూర్చుంటారు?"

"మీ అక్క."

"ఇప్పుడు ఉండేది మీరిద్దరే బావా! మీ అమ్మ పోయి పదేళ్ళయింది. కిటికీ పక్కంతా ఖాళీ. అక్క మధ్యలో ఇరుక్కుని కూర్చోవాల్సిన ఖర్మ ఏమిటి?"

ఆయన ఖాళీ సీటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది ఖాళీ సీటును కాదని నాకు తెలుస్తూనే ఉంది. పద్నాలుగేళ్ళుగా నెలకు నాలుగు రోజుల భార్య. ఆ నాలుగు రోజుల్లోనూ ఇంటి పనులు, బంధువుల పలకరింపులు, బట్టలుతకడాలు. ఆ మనిషికి కావలసింది కారు కాదు. ఆ మోచేయి తగిలే చోటు మళ్ళీ కావాలి. అర్థమయ్యాక నాకు ఇంకా కోపం వచ్చింది. ఎందుకంటే ఇక కాదనలేను.

అక్కడి నుంచి నాలుగు నెలలు. లారీ గేరు బాక్సుకు స్టీరింగు కింద రాడ్డు పెట్టడం ఎవరూ ఎక్కడా చేసినట్టు లేదు. డ్రైవరు సీటు కిందే ఇంజన్ ఉండే పాత వ్యాను ఒకటి విప్పి, అందులోంచి గేరు మార్చే రెండు తీగలు తెచ్చాడు. ఒక తీగ వరస ఎంచుతుంది, ఇంకోటి గేరు తోస్తుంది. స్టీరింగు కింద రాడ్డును పైకి ఎత్తితే ఒకటి కదలాలి, ముందుకు తోస్తే ఇంకోటి కదలాలి. మొదటి నెల మూడో గేరు వేస్తే రివర్సు పడేది. షెడ్డు వెనక గోడకు ఇప్పటికీ ఆ గుంట ఉంది. రెండో నెలకు రివర్సు పడటం మానేసింది, ఎప్పుడు వేసినా పడలేదు. లేతు పెద్దాయన చేత చిన్న చిన్న కీలు ముక్కలు పదిహేడు చేయించాడు. ఆ పెద్దాయన విసుక్కుని, "దీని బదులు రెండో పెళ్ళి చేసుకోవచ్చు, తక్కువలో పోతుంది" అన్నాడు.

మధ్యలో నా పాట్లు వేరు. తీగలు ఎక్కడ పోవాలో చూడ్డానికి ఆ నడిమి చోట ఎవరైనా కూర్చోవాలి. నన్ను కూర్చోబెట్టేవాడు.

"మీ అక్క అంతే ఉంటుంది."

"నేను అక్కకు రెండింతలు ఉంటాను బావా."

"మరీ మంచిది. నీకు సరిపోతే ఆమెకు ఇంకా వదులు."

గేరు వేసి, మోచేయి నా భుజానికి తగిలిందో లేదో చూసుకునేవాడు. తగిలితే తృప్తిగా తల ఊపేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. నా పరువు అప్పుడే పోయింది.

సీటు నేనే కుట్టాను. గేరు బాక్సు వీపు కింద నుంచి కాస్త ఉబ్బి ఉంది కాబట్టి మధ్యలో స్పాంజి పల్చగా పెట్టాలి, కానీ గట్టిగా తగలకూడదు. నా కొట్టులో ఉన్నవాటిలో మేలైన స్పాంజి రెండు పొరలు తీసి ఆ చోటుకే వాడాను. కుట్లు చేతితో వేశాను. డబ్బు అడగలేదు, ఆయన ఇవ్వనూలేదు.

ఇన్ని నెలలూ అక్క వచ్చిన శనివారాల్లో కారు మీద టార్పాలిన్ కప్పేసేవాళ్ళం. ఆమెకు ముందే తెలియకూడదట. రిటైర్మెంటు ఇంకో పది రోజులుందనగా వచ్చినప్పుడు, ఆదివారం మధ్యాహ్నం, చేతి సంచి భుజాన వేసుకుని అక్క షెడ్డు గుమ్మంలో నిలబడింది. నేను అక్కడే ఉన్నాను.

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి."

బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. "నువ్వేం చెప్పకు. నాకంతా తెలుసు. సామాను సంగతేగా? ముప్ఫయ్యో తారీకు నేను చూసుకుంటాను."

"సామాను గురించి కాదు..."

"చెప్పకన్నానా! బస్సు టైమయింది, వెళ్ళు."

అక్క ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను నీళ్ళు నమిలాను, ఎందుకంటే పక్కనే టార్పాలిన్ కింద కారు ఉంది, నోరు జారితే ఆరు నెలల గుట్టు రట్టవుతుంది. ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమెను మాట్లాడనిచ్చి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ముప్ఫయ్యో తారీకు పొద్దున్నే బయల్దేరాం. సీటు కుట్టినవాణ్ణి నేనే అయినా ముందు కూర్చునే హక్కు నాకు లేదట. మాసిపోతుందట. వెనక కూర్చున్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పాత కారు స్టీరింగు పక్కన లారీ తాళంచెవి వేలాడుతోంది. కొండ దారి మొదలైంది. మొదటి మలుపు. రెండో మలుపు. మూడో మలుపు దగ్గర ఆయన మెడ మీద చెమట నాకు కనబడింది. అక్కడ రోడ్డు నిటారుగా లేస్తుంది. ఇంజన్ చిన్నగా మూలిగి, గేరు తగ్గించగానే సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ఎక్కేసింది. బావ ముక్కు ఎగపీల్చాడు. జలుబు చేసిందన్నాడు. నేనూ సరే అన్నాను.

ఆసుపత్రి వెనక నర్సుల ఇళ్ళ వరస. ఒక గది, వంటిల్లు, ముందు చిన్న అరుగు. పద్నాలుగేళ్ళుగా మా అక్క బతికిన చోటును నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. హారన్ విని అక్క బయటికి వచ్చి కారును చూసి నోట చెయ్యి పెట్టుకుంది. చుట్టూ తిరిగింది, బానెట్టు నిమిరింది, "ఇది మన కారేనా?" అని నాలుగుసార్లు అడిగింది. "లారీ ఇంజన్ పెట్టా," అన్నాడు బావ. తలుపు తీసి పట్టుకున్నాడు.

అక్క ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, చేతి సంచి తీసి నడిమి చోట పెట్టింది.

బావ ఆ సంచి వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక నుంచి నాకు ఇంకొకటి తోచింది. సంచి ఒక్కటే ఉంది. పెట్టె లేదు, మూట లేదు. "అక్కా, సామానేది?" అన్నాను.

"ముందు ఒక చుట్టు తిప్పండి," అంది.

కొండ అంచున పోయే రోడ్డు మీద కారు వెళ్తోంది. అక్క అద్దం మొత్తం దించేసి, చెయ్యి బయట పెట్టి, గాలికి కళ్ళు చిట్లించుకుని కూర్చుంది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చూసి చాలా ఏళ్ళయింది.

"ఎన్నాళ్ళ కోరికో," అంది.

"ఏది?" అన్నాడు బావ.

"ఈ కిటికీ. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆవిడదేగా. నేను మధ్యలో మోకాళ్ళు ముడుచుకుని, ఇటు ఆవిడ మోచేయి, అటు మీ మోచేయి. పైగా మీరు నిమిషానికోసారి గేరు మార్చేవారు. ఈయనకు బండి నడపడం సరిగ్గా వచ్చా అనుకునేదాన్ని."

బావ చెవులు ఎర్రబడ్డాయి. ముందున్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. అక్క ఇంకా అడుగుతూనే ఉంది, "అవునూ, లారీ ఇంజన్ అంటున్నారు, గేరు మాత్రం పైనే ఉందే? కింద పెట్టుకుంటే మీకు సులువు కదా?" అని. ఇక ఆగలేకపోయాను.

"నీ కోసమే అక్కా! నువ్వు ఆయన పక్కన కూర్చోవాలని. ఆ సంచి పెట్టావే, ఆ చోటు కోసం నాలుగు నెలలు చచ్చాడు మనిషి!"

"ఒరేయ్, నోర్ముయ్," అన్నాడు బావ.

అక్క సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ అయిన చోట అరచెయ్యి ఆనించి, కుట్ల మీద వేళ్ళు పోనిచ్చింది. "ఒక్క మాట నన్ను అడగొచ్చుగా అండీ," అంది.

బావ రోడ్డు పక్కకు తీసి కారు ఆపాడు. ఇంజన్ కట్టేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"అడుగుతున్నా," అన్నాడు. "ఇంటికి వస్తావా?"

"రిటైరయ్యాక ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉండమన్నారు. సంతకం పెట్టాను. మొన్న వచ్చినప్పుడు చెబుదామనే గుమ్మంలో నిలబడ్డాను. మీరు చెప్పనివ్వలేదు."

బావ మెడ వెనక నరం ఒకటి కొట్టుకోవడం నాకు కనబడుతూనే ఉంది. అక్క మీద నాకు కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మీద కోపం రావడం అదే మొదలు.

"పురుళ్ళ వార్డు కొత్తది తెరుస్తున్నారండీ," అంది అక్క. "అది కావాలని ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది నేనే. ఇప్పుడు వదిలేసి రాలేను. ఇక్కడ... ఇక్కడ నాకు బాగుంటుంది. ఆ మాట మీతో అనడానికే ఇన్నాళ్ళూ భయపడ్డాను. బాగుంటుందంటే మీరు లేకుండా బాగుందని అనుకుంటారేమోనని."

"మరి నేను?" అన్నాడు బావ. అంత చిన్న గొంతు ఆయనది నేనెప్పుడూ వినలేదు.

అక్క ఆయన వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి కానీ గొంతు నర్సు గొంతే, సూది గుచ్చేముందు ధైర్యం చెప్పే గొంతు.

"పద్నాలుగేళ్ళు నేను దిగొచ్చానండీ. బస్సు దిగి మలుపు తిరిగేసరికి మీరు కుర్చీలోంచి లేస్తూ కనబడేవారు. రెండేసి వారాలు ఆ ముఖం కోసమే ఉండేదాన్ని. కానీ నాకెప్పుడూ ఆ వంతు రాలేదు. పక్క ఇళ్ళ నర్సులకు ఆదివారం వాళ్ళవాళ్ళు వస్తారు. పొద్దున్నుంచీ ముస్తాబై అరుగు మీద కూర్చుంటారు. నేను లోపల తలుపేసుకుని బట్టలు మడతపెట్టుకునేదాన్ని. ఈ రెండేళ్ళూ మీరు ఎక్కి రండి."

బావ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. ఈసారి జలుబని చెప్పలేదు.

"ప్రతి ఆదివారం వస్తా," అన్నాడు. "ఎన్నింటికి రమ్మంటావు?"

"పదింటికి."

"తొమ్మిదికే వచ్చేస్తా. పొద్దున్నే బయల్దేరితే..."

"వద్దు," అంది అక్క. "పదికే రండి. నన్ను కాసేపు ఎదురు చూడనివ్వండి."